నీలం దారం, పసుపు దారం

కోళ్లు పెంచుదామన్న ఆలోచన నాదే. తర్వాత మా ఇంట్లో ఆ సంగతి నాకు చాలాసార్లు గుర్తు చేశారు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే మా చిన్నాడు కొలతల టేపు పట్టుకుని పెరట్లోకి దిగాడు. చిన్నాడంటే నా రెండో తమ్ముడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా నాకు చిన్నాడే. కరెంటు పనులు చేస్తాడు. టేపు రెండో చివర పట్టుకోమని పెద్దాణ్ణి పిలవకుండా దాని మీద ఒక ఇటుక పెట్టాడు. పెద్దాడు వడ్రంగి. ఏ కొలతైనా కంటితో చూసి చెప్పేస్తాడు. అలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని ఇటుకను నమ్ముకున్నాడంటే వ్యవహారం ముదిరిందన్నమాట.

ఇల్లు మా నాన్న కట్టింది. ఇటు రెండు గదులు పెద్దాడివి, అటు రెండు చిన్నాడివి, వంటిల్లు ఉమ్మడి. వెనకవైపు గది నాది. అందులో నా కుట్టుమిషను, గుడ్డ కత్తిరించే బల్ల, మంచం, ఒక అల్మరా. తలుపు తీస్తే పెరడు, కిటికీ తీసినా పెరడే. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు వెనక గేటులోంచి నేరుగా వచ్చేస్తారు. నాకు పెళ్లి కాలేదు. అమ్మ పోయేనాటికి పెద్దాడు తొమ్మిదో తరగతి, చిన్నాడు ఆరు. వాళ్లకు వండిపెట్టడంలో, లాగూలు కుట్టడంలో నా వయసు గడిచిపోయింది. ఎవరైనా నా పెళ్లి మాట ఎత్తుతారేమోనని కొన్నేళ్లు చూశాను, తర్వాత చూడటం మానేశాను. నాన్న ఇల్లు మాత్రం వాళ్లిద్దరి పేరే రాశాడు. అక్కను చూసుకోండ్రా అని నోటిమాటగా చెప్పి పోయాడు.

చిన్నాడు గీసుకున్న కాగితం వంటింటి బల్ల మీద మరిచిపోతే చూశాను. ఇల్లు, పెరడు, రెంటినీ నడిమికి చీలుస్తూ ఒక గీత. ఆ గీత నా గదిని నిలువునా కోసుకుంటూ పోయింది. నా గది ఉన్నచోట 'దారి' అని రాసి ఉంది. రెండు వాటాలవాళ్లూ పెరట్లోకి వెళ్లడానికి దారి. నా మంచం, నా మిషను, నేను ఆ దారికి ఏ పక్కన ఉంటామో కాగితంలో లేదు. కొన్నాళ్లు పెద్దాడింట్లో, కొన్నాళ్లు చిన్నాడింట్లో, సంచీ సర్దుకుని గడప మార్చే అక్కనవుతానని నాకు అర్థమైంది. నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది.

ఏడ్చి సాధిద్దామంటే నాకు ఏడుపు సరిగ్గా రాదు. అందుకని ఆలోచించాను. ఆ వారం నా దగ్గర కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చినావిడ వాళ్ల పెరటి కోళ్ల గురించి గంటసేపు చెప్పింది. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోనివాళ్లు కూడా కోళ్ల దగ్గర చేరి నవ్వుకుంటారట. ఆవిడ వెళ్లగానే నాకు దారి దొరికిందనిపించింది. అందరికీ చెందిన ప్రాణం ఏదైనా పెరట్లో తిరుగుతుంటే దాని మధ్యలోంచి గీత గీయడానికి ఎవరికీ చెయ్యి రాదనుకున్నాను. చూశారా, అప్పటికి నాకు యాభై దాటాయి. అయినా అలా అనుకున్నాను.

నలుగురితో విడివిడిగా మాట్లాడాను. పెద్దాడి భార్యకు, అంటే మా పెద్ద మరదలికి, బయటి గుడ్ల మీద నమ్మకం లేదు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఏది చూసినా అందులో పురుగే కనబడుతుంది. ఇంటి గుడ్లు అనగానే సరేనంది. చిన్న మరదలికి ఫోనులో ఏ జంతువు పిల్ల కనబడినా అందరికీ తిప్పి తిప్పి చూపించే అలవాటు. ఆమెకు బాతులు కావాలి. చిన్నాడికి టర్కీ కోళ్లంటే మోజు. పెద్దాడు అన్నీ విని, గినీ కోళ్లయితే కొత్తవాళ్లొస్తే అరుస్తాయి, కాపలాకు పనికొస్తాయి అన్నాడు. నేను అన్నిటికీ తలూపాను. ఏదీ వద్దనకుండా ఉంటే అందరూ వస్తారని నా ఎత్తు.

అందరం పెద్దాడి వ్యానులో కోళ్ల ఫారానికి వెళ్లాం. అయిదుగురం ఒక బండిలో కూర్చుని ఎన్నాళ్లయిందో. కోడిపిల్లలు పన్నెండు, బాతుపిల్లలు ఎనిమిది, గినీ పిల్లలు ఆరు, టర్కీ పిల్లలు నాలుగు, అన్నిటినీ అట్టపెట్టెల్లో పెట్టించుకున్నాం. వాటిని అమ్మే ఆయన మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు. అన్నిటినీ ఒకచోట పెట్టకండి, బాతులు నీళ్లు చిమ్ముతాయి, కోడిపిల్లలు తడిస్తే బతకవు అని చెప్పాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం. ఆయన వేరుగా పెట్టమంటున్నాడు, నేను కలిపి ఉంచడానికి కదా తెచ్చింది.

ఆ మూడు వారాలు నా జన్మకు చాలు. పెద్దాడు పాత తలుపులు కోసి గూడు కట్టాడు. చిన్నాడు లోపల వేడికి బల్బులు వేలాడదీశాడు. పెద్దాడి పనిచోటునుంచి వచ్చిన రంపంపొట్టు కింద పరిచాం. సాయంత్రం అయ్యేసరికి అందరూ నా గది మెట్ల మీద చేరేవాళ్లు. టర్కీల్లో ఒకటి మెడ నిక్కించి అడుగు లెక్కపెట్టుకుంటూ నడిస్తే చిన్నాడు దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. పెద్ద మరదలు ల్యాబు కోటు విప్పకుండానే వచ్చి దాణా వేసేది. టేపు మాట, కాగితం మాట ఎవరూ ఎత్తలేదు. నా పాచిక పారిందని లోపల్లోపల గర్వపడ్డాను.

నాలుగో వారంలో ఒక ఉదయం గూడు తలుపు తీస్తే రంపంపొట్టు ముద్దముద్దగా ఉంది. బాతులు నీళ్ల పళ్లెం బోర్లించి అందులోనే కులాసాగా ఈదుతున్నాయి. ఓ మూలన నాలుగు కోడిపిల్లలు తడిసి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయి ఉన్నాయి. పెద్ద మరదలు వాటిని కాగితంలో చుడుతూ, మీ బాతులు అంది. అంతే, రెండే మాటలు. చిన్న మరదలు విని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మధ్యాహ్నానికి సంగతి బాతులు, కోళ్లు దాటి ఎప్పుడో ఎవరో వాడిన గ్యాసు దాకా వెళ్లింది. ఇలాంటప్పుడు తెలివైనవాళ్లు నోరు మూసుకుంటారు. నేను తెలివి చూపించాను. బాతులు ఒకరివి, కోళ్లు ఒకరివి అనుకుంటే ఎప్పుడూ తగువే, అన్ని జాతుల్లోనూ ఇద్దరికీ సగం సగం ఉంటే ఎవరి వల్ల ఎవరికి నష్టం అనే మాటే రాదని చెప్పాను. నా తీర్పు అందరికీ నచ్చింది. చిక్కల్లా ఏది ఎవరిదో తెలిసేదెలా? అదీ నేనే చెప్పాను. కాళ్లకు దారం కడదాం. పెద్దాడివాళ్లకు నీలం, చిన్నాడివాళ్లకు పసుపు. చిన్న మరదలు నవ్వి, మరి మీ రంగేంటి వదినా అని అడిగింది. నాకు రంగెందుకు, అన్నీ నావే అన్నాను. ఎంత గొప్పగా అన్నానో అనుకున్నాను అప్పుడు.

నూలు దారంతో కట్టాను. పదిహేను రోజులు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక టర్కీ పిల్ల చచ్చిపోయింది. కాలికి పసుపు దారం ఉంది. చిన్న మరదలు దాన్ని తిప్పి చూసి, ఇది మాది కాదు, రెక్క మీద తెల్లమచ్చ ఉన్నది నీలం దారంది, ఎవరో మార్చారు అంది. ఎవరో అంటే ఇంట్లో ఇంకెవరున్నారు? పెద్ద మరదలు నా దగ్గరికి వచ్చి, ముడి మీదేనా కాదా, మీరే చెప్పండి వదినా అని నిలదీసింది. నేను ముడి చూశాను. నా ముడిలాగే ఉంది. ఒట్టేసి చెప్పలేను. నాదే అని చెప్పేశాను. చిన్న మరదలు నన్ను అప్పుడు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మళ్లీ తీర్పు చెప్పాల్సింది నేనే కదా. ఈసారి ఎవరూ మార్చలేని ఏర్పాటు చేశాను. బండి సీట్ల కవర్లు కుట్టే నైలాను దారం తీశాను. అది పళ్లతో కొరికినా తెగదు. పాదం మీదుగా జారి రాకుండా బిగించి కట్టి, కొసలు అగ్గిపుల్లతో కాల్చి అతికించాను. ఒక నియమం కూడా పెట్టాను. ఇద్దరు మరదళ్లూ ఎదురుగా ఉంటే తప్ప దారం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, నేను కూడా. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ రోజునుంచి ఇద్దరూ ఒకచోట నిలబడటమే మానేశారు.

ఇంత చేసిన నేను ముప్పై ఏళ్లుగా పిల్లల బట్టలు కుడుతున్నదాన్ని. పెరిగే పిల్లకు గౌను కుడితే లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి వదులుతాను, ఏడాది తర్వాత విప్పుకోవచ్చని. తల్లులు చెప్పకపోయినా వదులుతాను. కోడిపిల్ల కాలు పెరుగుతుందని నాకు తట్టలేదు. తగువు తీర్చడమే తప్ప నాకు ఇంకేమీ తట్టలేదు.

నెలలు గడిచి పక్షులు ఎదిగాయి. ఇంట్లో మాటలు తగ్గాయి. మరదళ్లిద్దరూ ఎడమొహం పెడమొహం. నేను మధ్యలో తిరుగుతూ అతుకులు వేసేదాన్ని. పెద్దదాని దగ్గరికి వెళ్లి, చిన్నది నీ గురించి బాధపడుతోందే, మాట జారానంది అని చెప్పేదాన్ని. చిన్నదాని దగ్గరికి వెళ్లి, అక్కకు నీ మీద ఏం కోపం లేదట అనేదాన్ని. వాళ్లు అలా అనలేదు. అంటే బాగుండునని నేను అనుకున్న మాటలవి. చెడు చెప్పడం లేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

గినీ కోళ్లు ముందు కుంటడం మొదలుపెట్టాయి. తర్వాత కోళ్లు, ఆ పైన బాతులు. కాళ్లు బుడిపెల్లా వాచి, మట్టి అంటుకుపోయి, పాదమెక్కడో కాలెక్కడో తెలియనట్టయ్యాయి. పెద్దమనిషి ఒంటికాలి మీద నిలబడి రోజంతా కునికేది. పెద్ద మరదలు దూరంనుంచే చూసి తేల్చేసింది.

"ఇది అంటువ్యాధి వదినా. నేను రోజూ చూసేదే. ఒకచోట మొదలై అన్నిటికీ పాకింది."

చిన్న మరదలు ఫోనులో చదివి, కోళ్ల దగ్గరనుంచి టర్కీలకు జబ్బులొస్తాయి, రెంటినీ కలిపి పెంచకూడదని ఎప్పుడో రాశారు అని గోడకు చెప్పినట్టు చెప్పింది. పెద్దాడు పశువుల మందుల కొట్టుకు వెళ్లి లక్షణాలు చెప్పి పొడి తెచ్చాడు. చిన్నాడు వేరే కొట్టుకు వెళ్లి వేరే పొడి తెచ్చాడు. రెండూ ఒకే నీళ్లలో కలిశాయి. డాక్టర్ని పిలుద్దామంటే, ముందు ఎవరి పక్షులు చూపించాలనే దగ్గర ఆగిపోయారు. ఆ రోజుల్లోనే ఒక పెట్ట మొదటి గుడ్డు పెట్టింది. ఏ పెట్ట పెట్టిందో ఎవరూ చూడలేదు. గుడ్డుకు దారం లేదు కదా. అది వంటింటి అల్మరాలో ఉండి ఉండి కుళ్లి కంపు కొడితే నేనే తీసి పారేశాను.

చివరికి చిన్నాడు ఇనప జాలీ తెచ్చి పెరడు మధ్యలో బిగించాడు. జబ్బు పాకకుండా అన్నాడు. జాలీ నా గుమ్మం మధ్యలోంచి మొదలై వెనక గేటు దాకా వెళ్లింది. కొలత తప్పలేదు, అదే గీత. నీలం దారాలు ఇటు, పసుపు దారాలు అటు, దారం మట్టిలో పూడిపోయినవి గుర్తున్నంతలో. రెండు రోజులు పోయాక పెద్దాడు మేస్త్రీని మాట్లాడి వచ్చాడు. సోమవారం వచ్చి పునాది తీస్తాడట. ఆ సంగతి నాతో చెప్పినవాళ్లు లేరు. మేస్త్రీ భార్య జాకెట్టు ఆల్టరేషనుకు వచ్చి, మీ గది తలుపు ఎటు పెడతారండీ అని నన్నే అడిగింది.

శనివారం మధ్యాహ్నం నేను మిషను ముందు కూర్చుని కుట్టకుండా ఊరికే పెడల్ తొక్కుతున్నాను. ఒక బాతు గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చింది. నడవడం మానేసి పొట్ట మీద పాకుతోంది. నాకు దాని మీద జాలి కంటే కోపమే ముందొచ్చింది. మీకోసం ఇంత చేస్తే మీకీ రోగాలేంటే అని తిట్టుకుంటూనే ఒళ్లో పెట్టుకున్నాను. మగ్గుతో నీళ్లు పోసి కాలు కడిగాను. మట్టి పోయాక వాపు మధ్యలో సన్నటి గాడి కనబడింది. గుండ్రంగా, ఎవరో పెన్నుతో గీసినట్టు. సూది తీసుకుని ఆ గాడిలో మెల్లగా కదిపాను. చీము వచ్చింది. దాని వెనక పసుపు రంగు కనబడింది.

దారం కత్తెర మొన లోపలికి పెట్టి తెంపాను. బాతు ఒక్క అరుపు అరిచి నా చెయ్యి కొరికింది. ఇంకా గట్టిగా కొరికితే బాగుండుననిపించింది. దారం లాగితే చర్మంతో సహా వచ్చింది. ముడి చెక్కుచెదరలేదు. నా ముడి ఎప్పుడూ చెదరదు.

జబ్బూ లేదు, పాకడమూ లేదు. నా చేత్తో నేనే ఒక్కొక్కదాన్నీ కట్టి, కాల్చి, అతికించి పెట్టాను. ఎవరూ చూడకుండా అన్నీ తెంపేసి, మందు పనిచేసిందని చెప్పొచ్చు. అలా చేస్తే నా మీద మాట రాదు. అయితే సోమవారం మేస్త్రీ వస్తాడు. నిజం చెబితే వీళ్ల వల్ల వాళ్లకు, వాళ్ల వల్ల వీళ్లకు ఏ జబ్బూ రాలేదని తేలుతుంది, తగువుకు కాళ్లే ఉండవు. నన్ను నాలుగు తిట్టినా, గోడ ఆగుతుంది. తిట్లు కొత్తా నాకు? చెప్పేద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున్న నలుగురినీ మెట్ల దగ్గరికి రమ్మన్నాను. జాలీకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడ్డారు. తెంపిన దారం అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇది రోగం కాదురా. నేను కట్టిన దారం కాళ్లలోకి దిగిపోయింది. తప్పు మీది కాదు, నాది."

ముందు కదిలింది పెద్ద మరదలే. ఇంట్లోంచి దూది, మందు సీసా, కట్టుగుడ్డలు తెచ్చింది. చిన్న మరదలు ఒక కోడిని పట్టుకుని జాలీ పైనుంచి ఆమెకు అందించింది. అలా అందిస్తుంటే జాలీ అడ్డమొస్తోందని చిన్నాడు ఓ చివర విప్పాడు. పెద్దాడు రెండో చివర విప్పి చుట్టేశాడు. సాయంత్రం దాకా అయిదుగురం కింద కూర్చునే ఉన్నాం. పెద్దాడు పట్టుకుంటే నేను తెంపేదాన్ని, పెద్ద మరదలు కడిగేది, చిన్న మరదలు కట్టు కట్టేది, చిన్నాడు తీసుకెళ్లి నీడలో పెట్టేవాడు. రెండు గినీ కోళ్ల పాదాలు అప్పటికే నల్లబడి రాలిపోయేలా ఉన్నాయి. వాటిని పెద్దాడు అవతలికి తీసుకెళ్లి బాధ లేకుండా చేసి వచ్చాడు. పెద్దమనిషి మాత్రం కట్టు కట్టించుకుని, మాకేదో ఉపకారం చేసినట్టు మెడ నిక్కించి కూర్చుంది. చిన్నాడు నవ్వాడు. అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోవాల్సినదాన్ని, నేనూ నవ్వాను. తెంపిన దారాలన్నీ ఒకే పళ్లెంలో కలిసిపోయాయి. ఇక ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. మేస్త్రీకి రావద్దని పెద్దాడే ఫోను చేశాడు. ఎంత ఊరటో చెప్పలేను. ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను.

తర్వాతి వారం మరదళ్లిద్దరూ పక్షుల కట్లు మార్చడానికి రోజూ ఒకచోట కూర్చునేవాళ్లు. ఒకచోట కూర్చున్నాక మాటలు వస్తాయి కదా. గ్యాసు మాట, బాతుల మాట, టర్కీ మాట ఒక్కొక్కటే బయటికి తీసి చూసుకున్నారు. నేను కిటికీ దగ్గర కుట్టుకుంటూ వింటూనే ఉన్నాను. బాధపడుతున్నావట కదా అని ఒకరు, నేనెప్పుడన్నాను అని ఇంకొకరు. కోపం లేదన్నావట కదా, అయ్యో నాకు అప్పుడు ఒళ్లంతా కోపమే. ఇద్దరూ లెక్కలు తీయడం మొదలుపెట్టారు. సగం సగం పంచమన్నదెవరు, దారం కట్టిందెవరు, ముడి నాదే అన్నదెవరు, ఇద్దరూ ఉంటే తప్ప దారం ముట్టుకోకూడదని నియమం పెట్టిందెవరు. లెక్కంతా ఒక్కచోటికే వచ్చింది. వాళ్లు గట్టిగా ఏమీ అనలేదు. కిటికీ వైపు చూసి గొంతు తగ్గించారు.

ఆ రోజునుంచి నేను వంటింట్లోకి వెళితే మాటలు ఆగిపోయేవి. నేను బయటికి రాగానే మళ్లీ మొదలయ్యేవి. మొదట్లో నాకది అర్థం కాలేదు. వాళ్లిద్దరికీ మాటలు కలిశాయన్న సంబరంలో ఉన్నాను.

పది రోజుల తర్వాత సాయంత్రం నలుగురూ కలిసి నా గదిలోకి వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక ఇద్దరు మంచం మీద, ఇద్దరు బల్లకు ఆనుకుని. పెద్దాడు నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"అక్కా, అందరం కలిసి ఒక మాట అనుకున్నాం."

అందరం కలిసి అన్నాడు. నా పేర కూడా ఒక కాగితం రాస్తారేమో అనుకున్నాను. ఇలా అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

బజారు వీధిలో మందుల షాపు పైన ఒక గది చూశారట. గాలి బాగా వస్తుందట, మెట్లు పధ్నాలుగే. నీకు బేరాలు పెరుగుతాయక్కా, ఇక్కడ గేటు దాటి వచ్చేవాళ్లెంతమంది అన్నాడు చిన్నాడు. ఏ సాయం కావాలన్నా మేం లేమా అన్నాడు పెద్దాడు. పెద్ద మరదలు నా మీద కోపంగా ఏమీ లేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. నెమ్మదిగా, రోగికి చెప్పినట్టు చెప్పింది. ఇంట్లో అందరి మనసులూ ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్నాయని, మధ్యలో ఒక మనిషి ఉంటే మళ్లీ ఏదో ఒకటి వస్తుందని, మీరు మంచికే చేస్తారు కాని అది అలా అవుతుందని.

మరి ఈ గది ఏం చేస్తారని అడిగాను. చిన్న మరదలు జవాబు చెప్పింది. ఆమె కళ్లలో నిజంగానే సంతోషం ఉంది, దాచుకోవడం ఆమెకు రాదు.

"పెట్టల్ని పొదగేస్తున్నాం కదా వదినా. పిల్లలొస్తే వెచ్చగా ఉండాలి. ఈ గదికి ఎండ బాగా వస్తుంది."

నేను చిన్నాడి వైపు తిరిగాను. వాణ్ణి నేను ఎత్తుకు పెంచాను.

"గోడ కట్టట్లేదా మరి?"

"గోడెందుకక్కా? మాలో మాకేముంది?" అన్నాడు వాడు.

నేను కాదనలేదు. ఏమని కాదంటాను? ఉండనిమ్మని అడుక్కోవడానికి నోరు రాలేదు. అడిగి ఉంటే ఉండనిచ్చేవాళ్లేమో, దారికడ్డంగా. అల్మరాలో బట్టలు నేనే సర్దుకున్నాను. చిన్న మరదలు నా గుండీల గాజుసీసాలకు పాత గుడ్డలు చుట్టి జాగ్రత్తగా పెట్టింది. పెద్ద మరదలు దారి ఖర్చులా ఒక మందుల సంచీ ఇచ్చింది, తలనొప్పికి, జ్వరానికి వేరువేరుగా రాసి. ఇద్దరూ గేటు దాకా వచ్చారు. పక్షులు అన్నీ కలిసి ఒకే పళ్లెంలో తింటున్నాయి. కొన్ని ఇంకా కుంటుతున్నాయి. నా వైపు ఒక్కటి కూడా తలెత్తలేదు. దాణా వేసేవాళ్లు మారితే వాటికేం తేడా?

మిషను బరువైంది, ఇనుముది. మందుల షాపు పక్క మెట్లు ఇరుకు. పెద్దాడు కిందినుంచి, చిన్నాడు పైనుంచి పట్టుకున్నారు. నెమ్మదిరా అంటాడు ఒకడు, నువ్వు కొంచెం వంచు అన్నయ్యా అంటాడు ఇంకొకడు. ఒకడు ఆగితే ఇంకొకడు చెప్పకుండానే ఆగుతున్నాడు. పధ్నాలుగు మెట్లూ అలాగే ఎక్కారు. గోడకు ఎక్కడా గీత పడలేదు. గదిలోకి తెచ్చాక ఎక్కడ పెట్టమంటావక్కా అని అడిగారు. నేను చెప్పిన చోట పెట్టి, కదలకుండా కాలికింద అట్టముక్క మడిచి పెట్టారు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఒకే తుండుతో ఇద్దరూ మొహాలు తుడుచుకున్నారు. బావుందా అని పెద్దాడు అడిగాడు. బావుందిరా అన్నాను. ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

వాళ్లు మెట్లు దిగుతుంటే చిన్నాడు ఏదో అన్నాడు, పెద్దాడు పెద్దగా నవ్వాడు. వాడు అలా నవ్వడం విని ఎన్నేళ్లయిందో. వాళ్లు కలిసి ఉండాలనే కదా నేను ఇంత చేసింది. కలిశారు. కొత్త గదిలో మిషను ముందు కూర్చున్నాను. ఈసారి ఏడుపు సరిగ్గానే వచ్చింది.